అంతరించిన రకాల జాబితా, పన్నెండో వరస

ఈ నోటుపుస్తకాన్ని ఏనాడైనా స్వాధీనం చేసుకొని, దీనికొక వరస సంఖ్య కేటాయించి, ముద్ర వేసి, బీరువాలో పెట్టి తాళం వేయబోయే గౌరవనీయ అధికారులకు, వారి పేర్లూ హోదాలూ నాకు ఇంకా తెలియకపోయినప్పటికీ, వినయపూర్వకంగా మనవి చేసుకొనునది:

ఇది నా సొంత పుస్తకం. కాగితం కార్యాలయానిది కాదు. సిరా కార్యాలయానిది కాదు. సమయం మాత్రం కొంత కార్యాలయానిదే ఖర్చయినది, అందుకు చింతిస్తున్నాను. పండ్ల జన్యునిధి కేంద్రంలో పందొమ్మిదేళ్లుగా బేరి విభాగం సీనియర్ నిపుణుడిగా ఉన్న తెంబోత్ హాచెమిజ్ అనే నేను, దస్త్రంలో చోటు దొరకని సంగతులను మరెక్కడా దాచుకోలేక ఇందులో రాసుకుంటున్నాను. దీనికీ దస్త్రానికీ తేడా కనిపించిన చోట దస్త్రాన్నే నమ్మవలెనని ప్రార్థన. నేనూ ఇంతకాలం అదే చేశాను.

ఫిబ్రవరి 2, సోమవారం

ప్రయోగశాల నివేదిక వచ్చింది. నమూనా 31, బాఝెహాబ్ల్ ఊరి పైనున్న అడవిలో, గత సెప్టెంబరు వడగళ్లకు నేలరాలిన బేరి ఆకు. చెట్టు మీది ఆకు కోయడానికి అటవీ శాఖ అనుమతి కావాలి, రాలిన ఆకుకు అక్కరలేదు. అందుకని మంచి వడగళ్ల వాన కోసం రెండేళ్లు ఎదురుచూశాను. వసంతపు మంచుకు కాయలన్నీ పిందె దశలోనే పోయిన తర్వాత, మిగిలిన ఆకులు కూడా ఆ వానకు పోయాయి. నాకు కావలసిన ఆకు నాకు దొరికింది. ఆ ఏడాది ఆ చెట్టుకు ఒక్క కాయ కూడా నిలవలేదని నేనే నివేదికలో రాశాను.

ఆ ఆకు జన్యుగుర్తులు మా సేకరణ తోటలోని రెండు వందల పద్నాలుగు రకాల్లో ఒక్కదానితోనూ కలవలేదు. తల్లి లేదు, చెల్లెలు లేదు, దూరపు పినతల్లి కూడా లేదు.

ఫారం 7 నింపాను. 'మిగిలిన చెట్ల సంఖ్య' అన్న గడిలో 1 అని రాశాను. చక్కగా రాశాను. ఆ ఒకటి చాలా అందంగా వచ్చింది.

ఆ వాలు మీదుగా మార్చి 16న కరెంటు లైను కోసం అడవిని నరుకుతారు. గింజ తెచ్చి నాటితే ఈ రకం రాదు. బేరి గింజకు తల్లి పోలిక రాదు. అంటుపుల్లలే కోయాలి, అదీ మొగ్గలు ఉబ్బక ముందే కోయాలి. అంటే నాకు ఆరు వారాలున్నాయి. అనుమతికి గురువారం వరకు పడుతుందని మా విభాగాధిపతి రిమ్మా అర్కాద్యెవ్నా గారు సెలవిచ్చారు. ఆరు వారాలంటే ఆరు గురువారాలు. తొందర లేదు.

ఫిబ్రవరి 5, గురువారం

ఫారం 7 నాలుగో గడి కోసం బాఝెహాబ్ల్ వెళ్లాను. 'రకం స్థానిక నామం, స్థానిక వృద్ధుల స్వయం ధ్రువీకరణతో.' ఆ చెట్టు సంగతి తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కరే మిగిలారు. గోష్‌నాగో అవ్వ, ఎనభై నాలుగేళ్లు. ఆ చెట్టుకు అంటు కట్టినది ఆమె మామగారు.

నేనూ ఈ కొండల వాణ్ణే; మా తాతల కాలంలో వసంతంలో అడవిలో అడుగుపెట్టిన ప్రతి మగవాడూ ఒక అడవి చెట్టుకు ఒక మంచి రకం అంటు కట్టిగాని ఇంటికి రాకూడదు. చెట్టు ఎవరిదీ కాదు, పండు అందరిదీ. ఈ నియమానికి ఉత్తర్వు సంఖ్య లేదు, పర్యవేక్షణ సంఘం లేదు, అయినా తరతరాలు అమలైంది. అందుకే మా కార్యాలయంలో దీన్ని ఎవరూ నమ్మరు.

అవ్వ నన్ను పెద్దబల్ల దగ్గర కూర్చోబెట్టింది. వరిగ సంకటి, కోడి పులుసు, జున్ను పెట్టి కాల్చిన రొట్టెలు, ఉప్పూ మిరియాలూ వేసిన పాల టీ. మా దగ్గర ఇంటికొచ్చిన అతిథిని ఎందుకొచ్చావని అడగరు. పెద్దవాళ్లు అడగనిదే చిన్నవాడు తన పని ఎత్తడు. ఆమె పెద్దది, నేను అతిథిని. ఆమె అడగలేదు, నేను ఎత్తలేదు. వాతావరణం గురించి నాలుగు గంటలు మాట్లాడుకున్నాం. వెళ్లేటప్పుడు ఎండుగడ్డిలో మాగిన బేరికాయలు అరడజను సంచీలో వేసింది. పైన తోలులా గరుకు, లోపల తేనె. దారిలో మూడు తిన్నాను.

నా భార్య చనిపోయి నాలుగేళ్లయింది కదా, ఎవరినైనా చూడడానికి వచ్చాననుకున్నారట. వీధి చివర దాకా వెంటవచ్చిన అవ్వ కోడలు చెప్పింది. చెబుతూ నవ్వింది.

ఫిబ్రవరి 6

పర్యటన నివేదిక: 'ప్రాథమిక సంప్రదింపులు సంతృప్తికరం.' కడుపు విషయంలో అబద్ధం కాదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

రెండోసారి వెళ్లాను. ఈసారి ఆమే అడిగింది.

"మొన్న ఏదో అడగడానికొచ్చి అడక్కుండా పోయావు నాయనా. గుటకలు మింగుతూనే ఉన్నావు. ఏంటది?"

"పైనున్న బేరిచెట్టు అవ్వా. దాని పేరేంటో కావాలి."

"దానికి పేరెందుకు? పిలిస్తే వస్తుందా?"

"ఫారంలో రాయాలి."

"కట్టినాయన పేరే దాని పేరు. మా ఊళ్లో అన్నీ అంతే."

"ఆయన పేరేంటి?"

పొయ్యి దగ్గరున్న కోడలు చేతిలో గరిటె ఆగిపోయింది. అవ్వ నన్ను బడిలో ఫెయిలైన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"నువ్వు మనవాడివేనా, ఆ పట్నంలో నిన్నెవరైనా మార్చేశారా? నేను ఆ ఇంటి కోడలిని. మామగారి పేరు కోడలు నోటితో అంటుందా?"

నేను మావాడినే. నాకు తెలుసు. మా అమ్మ మా తాత పేరు ఒక్కసారి కూడా పలకకుండానే పోయింది. తెలిసి తెలిసి ఈ ప్రశ్న ఎలా అడిగానో అర్థం కాలేదు. బహుశా ఫారం అడిగింది, నేను కాదు.

"ఆయన పోయి నలభై ఏళ్లయింది కదవ్వా."

"పోతే? నేను కోడలిని కాకుండా పోతానా?"

సంచీలో మళ్లీ కాయలు వేసింది. గుమ్మం పక్కన ఆమె రబ్బరు బూట్లు తడిబురదతో ఉన్నాయి. పొయ్యి పైన లిండెన్ చెట్టు నార కట్టలు కట్టి ఆరబెట్టి ఉంది. బుట్టలల్లుతుందేమో. ఇంత వయసులోనూ చేతులు ఊరుకోవు.

ఫిబ్రవరి 12, గురువారం

అటవీ కార్యాలయం. రేంజరు సవ్విచ్ గారు మంచివారు. ఇరవై ఏళ్లుగా ఆయన నాకు ఏ అనుమతీ ఇవ్వలేదు, ప్రతిసారీ టీ ఇచ్చారు.

"చూడు తెంబోత్ బాబూ, ఆ చెట్టు మొదలు ఏంటి?"

"అడవి బేరి."

"అంటే నాది. అడవిలో దానంతటది మొలిచింది. చట్టంలో రక్షణ ఉంది. పైనేముంది?"

"అంటుకట్టిన బేరి. మనిషి పెట్టిన రకం."

"అంటే నాది కాదు. వ్యవసాయం వాళ్లది. మీవాళ్లు నేల దగ్గర కట్టి ఉంటే నాకీ తలనొప్పి ఉండేది కాదు. పశువులు మేయకుండా గుండె ఎత్తున కట్టారు. కింద సగం నా చెట్టు. పై సగం ఎవరో నా చెట్టు భుజాలెక్కి కూర్చున్నారు. నా శాఖ దిగమనీ అనలేదు, ఉండమనీ అనలేదు."

"నాకు పైనుంచి నాలుగు పుల్లలు చాలు సవ్విచ్ గారూ."

"పై సగానికి నేను అనుమతి ఇవ్వలేను, అది నాది కాదు. నాదైన కింద సగం తొక్కకుండా నువ్వు పైకెక్కలేవు. దానికి అనుమతి కావాలి."

"దానికి అనుమతి ఇవ్వండి."

"పైన పనేంటో రాయాలి కదా. పైది నాది కాదు కదా."

టీ బాగుంది. వ్యవసాయ శాఖకు రాశాను. అడవిలోది ఏదైనా అటవీ శాఖదేనని రెండు గంటల్లో జవాబు వచ్చింది. ఆ శాఖ చరిత్రలో ఇంత వేగంగా జవాబిచ్చిన దాఖలా లేదు.

ఫిబ్రవరి 19, గురువారం

నాలుగో గడి ఖాళీగా ఉందని ఫారం 7 తిరిగొచ్చింది. అవ్వ పక్కింటి షుమాఫ్‌ను అడిగాను. ట్రాక్టరు కింద పడుకునే నవ్వాడు.

"ఆ ముసలాయన పేరా? ఊరంతా తెలుసు. రాసుకో." చెప్పాడు.

"నువ్వు సంతకం పెడతావా, చెట్టు ఆయనదేనని?"

"చెట్టు సంగతి నాకేం తెలుసు అన్నా? నేను పుట్టక ముందు సంగతి. పేరు నాకు తెలుసు, చెట్టు ఆమెకి తెలుసు. ఇద్దరినీ కలిపి ఒక మనిషిని చేసుకో."

ఈ సలహా నిబంధనల్లో లేదు. పేరును ఫారం అంచున పెన్సిలుతో రాసి ఉంచాను. అక్కడి నుంచి అవ్వ దగ్గరికి వెళ్లాను.

"నోటితో అనొద్దు అవ్వా. కాగితం మీద రాస్తే చాలు. నువ్వు ఏడో తరగతి చదివావు కదా."

"కాగితానికి చెవుల్లేవంటావా? అందులో రాసింది మీరంతా వింటూనే ఉన్నారుగా."

ఆఖరికి ఆమెకే జాలి వేసింది. కొత్త కోడలు అత్తింటివాళ్లకి తనంతట తాను మారుపేర్లు పెట్టుకుంటుంది, పిలవడానికి ఏదో ఒకటి కావాలి కదా. మామగారికి ఆమె పెట్టుకున్న పేరు 'కోడికంటే ముందులేచేవాడు'. అరవై అయిదేళ్లుగా ఆ చెట్టును కూడా అలాగే అంటోంది. నాలుగో గడిలో రాశాను. ఆమె కింద సంతకం పెట్టింది. ఆ సంతకం చూసి నాకు చాలా రోజుల తర్వాత ఆనందం కలిగింది.

కాయలు ఇచ్చింది.

ఫిబ్రవరి 26, గురువారం

నామకరణ సంఘం తిరస్కరించింది. కారణం: 'ముందులేచేవాడు అన్న పదం ముందుగా కాపుకొచ్చే రకమన్న అభిప్రాయం కలిగించును. ఫారం 7, తొమ్మిదో గడి ప్రకారం ఇది మంచు పడ్డాక కోసే ఆలస్యపు రకం. వినియోగదారుని తప్పుదారి పట్టించే నామము ఆమోదయోగ్యం కాదు.'

వినియోగదారుడు ఎవరని రిమ్మా అర్కాద్యెవ్నా గారిని అడిగాను.

"ఉంటే గదా తప్పుదారి పట్టేది. ముందు జాగ్రత్త తెంబోత్ గారూ. మీరు మరీ ఇదైపోకండి. గురువారానికి ఏదో ఒకటి చూద్దాం."

పేరుకు బదులు తాత్కాలిక సంఖ్య ఇవ్వమని మళ్లీ అర్జీ పెట్టాను. ఇదే మొదటి రోజు చేయవలసింది. మొదటి రోజు ఇది నిషేధం. ఫిబ్రవరి 20 నుంచి ఆ నిషేధం లేదు. ఆ ఉత్తర్వు మాకు రాలేదు, ఎందుకంటే దాన్ని అందరికీ పంపింది మేమే.

మార్చి 2

మొగ్గలు ఉబ్బలేదు.

మార్చి 4, బుధవారం

చెట్టు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లాను. కొలతలు తీసుకోవడానికి. కొలతలు నా దగ్గర ముందే ఉన్నాయి.

గుండె ఎత్తున అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. కింద బెరడు మొసలి వీపులా ఉంది, పైన నున్నగా ఉంది. చేయి పెడితే ఏ శాఖ ఎక్కడ ముగుస్తుందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. జేబులో అంటుకత్తి ఉంది, ఎప్పుడూ ఉంటుంది. అందేంత కిందకు ఒక కొమ్మ వంగి ఉంది. నాలుగు పుల్లలకు చాలు. చుట్టూ ఎవరూ లేరు. నాలుగు పుల్లలంటే నాలుగు నిమిషాల పని.

కోయలేదు. అనుమతి లేని పుల్లను సేకరణ తోట స్వీకరించదు. స్వీకరించని పుల్ల సంరక్షణ కిందికి రాదు. సంరక్షణ కిందికి రాని పుల్లను కోయడం చెట్టుకు హాని. కాబట్టి చెట్టును కాపాడినవాణ్ణి నేనే. వాలు దిగుతూ ఈ వాదనను మూడుసార్లు సరిచూసుకున్నాను. ఎక్కడా తప్పు దొరకలేదు.

మార్చి 5

గురువారం. రాలేదు.

మార్చి 9, సోమవారం

నాలుగోసారి. ఏమీ అడగడానికి కాదు, చెప్పడానికి. ఆ రకానికి అదే చివరి చెట్టని, పదహారో తేదీ నరుకుతారని అవ్వకు చెప్పాను. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. వినలేదేమో అనుకుని మళ్లీ చెప్పాను.

"విన్నాన్లే. నీకు కత్తి లేదా?"

"ఉంది."

"మరి?"

"అనుమతి ఉండాలవ్వా."

"ఎవరిది? చెట్టుదా?"

కోడలు పక్కగదిలోకి వెళ్లిపోయింది. గోడ అవతల నవ్వు వినపడింది.

"నేను రకాన్ని కాపాడుతున్నాను అవ్వా. పద్ధతిగా కాపాడాలి. మా దగ్గర చల్లటి గదులున్నాయి, చెట్టుకొక సంఖ్య ఉంది, బోర్డు ఉంది."

"మంచిదే నాయనా. కాపాడు. కాయ తిను ముందు."

తిన్నాను. గడ్డిబుట్ట ఇంకా సగం నిండి ఉంది. మార్చి నెలలో ఇంత గట్టిగా నిలవుండే బేరి మా సేకరణలో లేదు. ఈ వాక్యాన్ని నిలవ గుణం గడిలో రాయాలి.

మార్చి 12, గురువారం

తాత్కాలిక సంఖ్య మీద అనుమతికి సంతకం అయింది. ముద్ర కాలేదు. ముద్ర దగ్గర పెట్టుకునే ఆవిడ మహిళా దినోత్సవం సెలవుకు కలిపి ఇంకో వారం పెట్టింది. బీరువా తాళం ఆమె దగ్గరే ఉంది. సోమవారం పొద్దున్నే, అని రిమ్మా అర్కాద్యెవ్నా గారు మాట ఇచ్చారు. ఆమె మాట తప్పే మనిషి కాదు.

మార్చి 16, సోమవారం

పదకొండూ నలభైకి ముద్ర పడింది. అనుమతి సంఖ్య 7/31, నాలుగు పుల్లలు, పొడవు ముప్ఫై సెంటీమీటర్లకు మించకుండా. ఒంటిగంటన్నరకు అడవి చేరాను.

దూరానికి చెట్టు నిలబడే ఉన్నట్టు కనిపించింది. పరుగెత్తాను. నా వయసుకు తగని వేగంతో.

మొదలు నిలబడే ఉంది. గుండె ఎత్తు దాకా. అతుకు దగ్గర అడ్డంగా, శుభ్రంగా, చెక్కు చెదరకుండా కోసి ఉంది. చిన్న సున్నపు గీత కూడా గీశారు, తప్పు జరగకుండా. సవ్విచ్ గారు టోపీ చేతిలో పట్టుకుని పక్కనే నిలబడ్డారు.

"నీకోసం పోట్లాడాను బాబూ. కూలీలు మొదలంటా లేపేస్తామన్నారు. కుదరదన్నాను. లైను కింద మనిషెత్తు దాటనిది ఉండొచ్చు, కింద సగం రక్షిత వృక్షం, ముట్టుకుంటే కేసు పెడతానన్నాను. చూడు, నా చెట్టుకి గీత పడలేదు."

"పైది?"

"పైది నాది కాదుగా."

"కొమ్మలెక్కడ?"

నరికిన కొమ్మలను అదే రోజు కాల్చాలి. అగ్నిమాపక నిబంధన. ఆ కుప్ప ఇంకా వెచ్చగా ఉంది. మోకాళ్ల మీద కూర్చుని కర్రతో కెలికాను. సవ్విచ్ గారు కూడా కూర్చుని కెలికారు. ఆయన చేతులు నాకంటే ఎక్కువ కాలాయి. ఒక్క పుల్ల దొరకలేదు.

"గీసేముందు నాకొక ఫోన్ చేసి ఉంటే," అన్నాను.

"నువ్వు నాలుగో తేదీన ఇక్కడికి వచ్చావు. దూరం నుంచి చూశాను," అన్నారాయన మెల్లగా. "అటు తిరిగి నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను బాబూ. నువ్వే కోసుకోలేదు."

మార్చి 17

నాలుగు నిమిషాలు.

మార్చి 18

నాలుగు నిమిషాల పని.

మార్చి 20, శుక్రవారం

అవ్వకు చెప్పాలి కదా అని వెళ్లాను. వాకిట్లోనే చెప్పేశాను, అతిథి మర్యాద దాకా ఆగలేదు. రకం పోయింది, తప్పు నాది, ఫారందీ సవ్విచ్‌దీ రిమ్మా అర్కాద్యెవ్నాదీ కాదు, నాది. కన్నీళ్లు వచ్చాయి. ఇది దస్త్రంలో ఉండదు.

ఆమె లోపలికెళ్లి బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. కాయలు.

"ఇవెక్కడివనుకుంటున్నావు?"

"ఆ చెట్టువి."

"ఎప్పుడు కోశాను?"

చెప్పబోయి ఆగాను. గత ఏడాది కాపు. ఒక్క కాయ కూడా నిలవలేదని రాసింది నేను. నివేదిక నాది, సంతకం నాది. అయిదు వారాల్లో నాలుగుసార్లు ఈ ఇంటి కాయలు తిన్నది కూడా నేనే. పందొమ్మిదేళ్ల సీనియర్ నిపుణుణ్ణి.

"రా," అంది. బూట్లు తొడుక్కుంది.

ఎనభై నాలుగేళ్ల మనిషి వెనక నేను ఆయాసపడుతూ నడిచాను. లైను వాలు వైపు కాదు, అటువైపు, నీళ్లకోన మీదుగా. పావుగంట నడిచాక ఒక అడవి బేరి ముందు ఆగింది. గుండె ఎత్తున అతుకు. కింద మొసలి వీపు, పైన నునుపు. మరి కొంచెం పైకి ఇంకొకటి, ఇంకొంచెం పాతది. తర్వాత లోయలోకి వరసగా. లెక్క పెట్టడం మొదలుపెట్టి పదిహేడు దగ్గర ఆపేశాను, ఎందుకంటే అప్పటికి కళ్లు సరిగ్గా పని చేయడం లేదు.

"ఎవరు కట్టారు అవ్వా?"

"నీకెవరు కనబడుతున్నారిక్కడ?"

"కానీ... మగవాళ్లు కదా కట్టేది?"

"అడివికొచ్చే మగవాళ్లెవరు మిగిలారు నాయనా? కొందరు యుద్ధంలో పోయారు, కొందరు పట్నాలకి పోయారు, మిగిలినోళ్లు మీలాగ ఆఫీసులకి పోయారు. ఏటా మంచు కరగ్గానే అడవి వెల్లుల్లికి వచ్చేది మేం ఆడవాళ్లమే. ఉత్తచేతుల్తో వచ్చి ఉత్తచేతుల్తో పోతామా? సిగ్గు కాదూ?"

"నేర్పిందెవరు?"

అవ్వ చెట్టు బెరడు మీద చేయి వేసి నిలబడింది.

"నేను కాపురానికొచ్చిన ఏడాది ఆయన సంచీ మోసుకుంటూ వెనక వచ్చేదాన్ని. ఆయన నాతో మాట్లాడడు, నేను ఆయనతో మాట్లాడను. పద్ధతి. కత్తి కావాలంటే చేయి వెనక్కి చాచేవాడు. అందించేదాన్ని. నార కావాలంటే మళ్లీ చాచేవాడు. పన్నెండు వసంతాలు. పదమూడో ఏడు ఆయన చేతులు వణికాయి. చేయి చాచలేదు, కత్తి నా వైపు తిప్పి పట్టుకున్నాడు. అంతే. ఒక్క మాట లేదు."

తర్వాత నా భుజం మీద తట్టింది.

"నువ్వు పేరు అడిగావు. చివరి చెట్టు అన్నావు. ఎన్నున్నాయని అడగలేదు. అతిథివి, నీ లెక్క తప్పని నేనెలా అంటాను?"

దిగుతుంటే కోన పక్కన ఇంకో బేరి చూపించింది, వేరే రకం, కొమ్మలు వాలి ఉన్నాయి. "ఇది మా పుట్టింటిది. పెళ్లికి వస్తూ నాలుగు పుల్లలు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్నా."

ఆమె పుట్టిన ఊరు రిజర్వాయరు కింద మునిగిపోయి యాభై ఏళ్లు దాటింది. ఆ ఊరి బేరిని మేం అంతరించిన రకాల జాబితాలో పదకొండో వరసలో చేర్చాం. ఆ జాబితా టైపు చేసింది నేను.

మార్చి 23, సోమవారం

ఈరోజు చేయవలసినది: ఫారం 7 సవరించి, మిగిలిన చెట్ల సంఖ్య గడిలో 1 కొట్టేసి, కనీసం 17 అని రాయడం.

రాస్తే ఏం జరుగునో కూడా రాసుకుంటున్నాను. అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి చెట్టును కోసి అంటు కట్టుట నేరం. పదిహేడు నేరాలు, కనీసం. నిందితురాలు గోష్‌నాగో, వయసు ఎనభై నాలుగు. సవ్విచ్ గారు మంచివారు; టోపీ తీసి, టీ ఇచ్చి, రక్షిత వృక్షాలను వాటి మీదికి ఎక్కినవారి నుంచి విముక్తి చేస్తారు. సున్నపు గీత గీస్తారు. ఆ తర్వాత నామకరణ సంఘం కూర్చుంటుంది.

రాయకపోతే సేకరణ తోటలో ఆ రకం ఉండదు. పందొమ్మిదేళ్లు నేను చెప్పిన పాఠం ప్రకారం, తోటలో లేనిది లేనట్టే.

పెన్సిలు రాత చెరిపేశాను. షుమాఫ్ చెప్పిన పేరు. అది ఈ పుస్తకంలో కూడా ఎక్కడా రాయలేదని ఇప్పుడే గమనించాను. రాయను.

మార్చి 25, బుధవారం

సెలవు పెట్టాను. కారణం: సొంత పని.

అడవి వెల్లుల్లికి అవ్వ వెంట వెళ్లాను. కోన అవతలి మొదటి చెట్టు నుంచి పుల్ల కోశాను. అనుమతి సంఖ్య 7/31 జేబులోనే ఉంది, కానీ అది చచ్చిపోయిన చెట్టుకు ఇచ్చింది. అడవి బేరి మొక్కను గుండె ఎత్తున కోసి చీల్చాను. పాతికేళ్ల చదువు ఉంది, రెండు వందల పద్నాలుగు రకాలకు అంటుకట్టిన అనుభవం ఉంది, చీలిక మాత్రం పక్కకు పోయింది. పుల్ల దించాక వెనక్కి చేయి చాచాను, అలవాటుగా, పనివాడు నార అందిస్తాడని. చేతిలో నార పడింది.

వెనక్కి తిరిగి చూస్తే అవ్వ వేరే వైపు చూస్తోంది.

"వంకరగా కట్టావు," అంది కిందికొచ్చాక. "బతుకుతుందిలే."

మార్చి 26, గురువారం

తుది నివేదిక పంపాను: 'నమూనా 31 చెట్టు పై భాగం 16-3న తొలగించబడినది. అంటుపుల్లలు లభించలేదు. రకం నశించినది.' ఇందులో మొదటి రెండు వాక్యాలు నిజం. రిమ్మా అర్కాద్యెవ్నా గారు ఫోన్ చేసి, "బాధపడకండి తెంబోత్ గారూ, మీరు చేయగలిగిందంతా చేశారు," అన్నారు. ఇంత క్రూరమైన మాట నాతో ఎవరూ అనలేదు. ఆమెకు ఆ ఉద్దేశం లేదు.

మొదటి పేజీలో నేను సంబోధించిన గౌరవనీయ అధికారులకు, ఈ పుస్తకం ఏనాడైనా మీ బీరువాకు చేరితే, సకాలంలో దాఖలైనదిగా భావించవలెనని కోరుతూ ఈ క్రింది డిమాండును దాఖలు చేయుచున్నాను.

డిమాండ్ సంఖ్య 12. నమూనా 31ని అంతరించిన రకాల జాబితాలో పన్నెండో వరసలో, పదకొండో వరస పక్కనే, ఎటువంటి జాప్యం లేకుండా చేర్చవలెను. పేరు గడిని ఖాళీగా ఉంచవలెను. అంతరించినట్లు ఒకసారి ధ్రువీకరించిన తర్వాత దాని కోసం ఏ శాఖా ఎవరినీ అడవిలోకి పంపరాదు. మరియు దిగువ సంతకం చేసిన వానికి ఇకపై ప్రతి ఏటా మంచు కరిగిన వారంలో ఒక్క రోజు సెలవు మంజూరు చేయవలెను, మా ఊళ్లలో ఇంటికొచ్చిన అతిథిని ఎలా అడగరో అలాగే, ఎందుకని అడగకుండా.